పీజీ ప్రవేశ పరీక్షలకు తెలుగు విద్యార్థుల తయారీ

డిగ్రీ తర్వాత ఎంబీఏ, ఎంసీఏ, ఎంటెక్, ఎమ్మెస్సీ, ఎంఎస్ వంటి కోర్సుల్లో సీటు కోసం రాసే పరీక్షలను పీజీ ప్రవేశ పరీక్షలు అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఐసెట్, పీజీసెట్, పీజీఈసెట్ రాష్ట్ర స్థాయిలో జరుగుతాయి. గేట్, క్యాట్ దేశమంతటికీ ఒకటే. అమెరికా వంటి దేశాలకు వెళ్లదలచినవారు జీఆర్‌ఈ గానీ జీమ్యాట్ గానీ రాస్తారు. దానికి తోడు ఇంగ్లీషు వచ్చని రుజువు చూపడానికి టోఫెల్, ఐఈఎల్‌టీఎస్, పీటీఈ, డ్యుయోలింగోల్లో ఏదో ఒకటి రాయాలి. వీటిలో ఇంగ్లీషు అవసరం లేని పరీక్ష అరుదు. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడని విద్యార్థికి లెక్క వచ్చినా, లెక్కను అడిగిన వాక్యం తలకెక్కడానికి కొంత సమయం పడుతుంది. చాలామంది ర్యాంకు జారిపోయేది ఆ కొద్ది సమయంలోనే. అందువల్ల ఈ పరీక్షల తయారీలో సిలబస్ పూర్తి చేయడం సగం పని. ఇంగ్లీషులో వేగంగా చదివి అర్థం చేసుకునే అలవాటు మిగతా సగం. కోచింగ్ ఎక్కువగా మొదటి సగానికే జరుగుతుంది.

ప్రాంతం, చదువుల నేపథ్యం

పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి మండలాలు ఈ సమస్యను దగ్గరగా చూడడానికి అనువైన చోటు. రాయచోటి–పీలేరు దారిలోని కలకడలో తెలుగు, ఉర్దూ రెండూ ఇంటి భాషలే. పుంగనూరు వైపు కన్నడం, కుప్పం చేరేసరికి తమిళం కూడా కలుస్తాయి. మూడు రాష్ట్రాలు కలిసే చోటు కావడం వల్లనే 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని కుప్పంలో స్థాపించారు. సంతలోనో బస్సులోనో రెండు మూడు భాషలు తడుముకోకుండా మాట్లాడే పిల్లలు ఇక్కడ ఎందరో ఉన్నారు. వారికి ఇంగ్లీషు మూడో భాషో నాలుగో భాషో అవుతుంది. చెవిన పడి వచ్చిన మిగతా భాషల్లా కాకుండా, ఇది దాదాపు పూర్తిగా పాఠ్యపుస్తకం నుంచే వస్తుంది.

ఉన్నత విద్యకు ఇంగ్లీషు దారి కావడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. చిత్తూరు పక్కనే ఉన్న కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డి 1902లో ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో కేంబ్రిడ్జ్‌లోని సెయింట్ జాన్స్ కాలేజీకి వెళ్లారు. అక్కడి విద్యార్థి సంఘంలో వక్తగా పేరు తెచ్చుకున్నారు. అప్పటికే ఆయన తెలుగులో ‘ముసలమ్మ మరణము’ కావ్యం రాసి ఉన్నారు. తరువాతి కాలంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తొలి ఉపకులపతి అయ్యారు. తెలుగులో గట్టిగా చదవడం, ఆలోచించడం తెలిసినవారికి పరాయి భాషలో ఉన్నత విద్య అందదనే మాటకు ఆయన జీవితమే జవాబు. మదనపల్లెలో అనీ బీసెంట్ 1915లో ప్రారంభించిన బీటీ కాలేజీకి 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చారు. ‘జనగణమన’ను ఆయన ఇంగ్లీషులోకి అనువదించింది ఆ బసలోనే. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండ్ నుంచి వచ్చిన కవి.

డిగ్రీలో తెలుగు మాధ్యమం బలపడింది 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి, ఇంటర్, డిగ్రీ పాఠ్యపుస్తకాలు తెలుగులో రావడం మొదలైన తర్వాత. దానివల్ల పల్లెల నుంచి వేలమంది కాలేజీ గడప తొక్కారు. 2021–22 నుంచి రాష్ట్రంలోని డిగ్రీ కాలేజీలన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమానికి మార్చారు. అయితే మాధ్యమం మారినంత మాత్రాన చదివే అలవాటు మారదు. పరీక్షకు ముందు గైడు నుంచి బిట్లు కంఠస్థం చేసి డిగ్రీ గట్టెక్కిన విద్యార్థి, కాగితం మీద ఇంగ్లీషు మీడియం అయినా, ఒక పూర్తి ఇంగ్లీషు అధ్యాయాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి ఉండకపోవచ్చు. మదనపల్లె దగ్గర అంగళ్లులో 1998లో మిట్స్, కలికిరిలో 2013లో జేఎన్‌టీయూ కాలేజీ వచ్చాక ఇంజనీరింగ్ చదువు ఇంటికి చేరువైంది. ఎంటెక్, ఎంఎస్ ఆలోచన చేసే పిల్లలు ఈ మండలాల్లో పెరిగింది ఆ తర్వాతే. అమెరికాలో 2023–24లో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అంతకు ముందు ఏ ఏడాదీ అంతమంది లేరు. వారిలో ఎక్కువ మంది పీజీ స్థాయివారే.

పరీక్షల్లో ఇంగ్లీషు పాలు

ఎంబీఏ, ఎంసీఏలకు రాసే ఏపీ ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. ఒక్కో ప్రశ్నకు 45 సెకన్లు దక్కుతాయి. విశ్లేషణ సామర్థ్యం 75, భాషా సామర్థ్యం 70, గణితం 55 ప్రశ్నలు. విశ్లేషణ, గణితం ప్రశ్నలు ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ కనిపిస్తాయి. భాషా విభాగం మాత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది. పదాల అర్థాలు, వ్యాపార, కంప్యూటర్ పరిభాష, వ్యాకరణం, పేరా చదివి జవాబు చెప్పడం ఇందులో వస్తాయి. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థి మిగతా రెండు విభాగాల్లో ఎంత సాధించినా, మూడో వంతుకు పైగా ఉన్న ఈ 70 ప్రశ్నల దగ్గర వెనకబడితే మంచి కాలేజీ చేజారుతుంది.

గేట్‌లో 100 మార్కులకు 15 జనరల్ ఆప్టిట్యూడ్‌వి. వాటిలో ఇంగ్లీషు భాగం చిన్నదే గానీ, మొత్తం పేపరు ఇంగ్లీషులోనే ఉంటుంది. క్యాట్‌లో మూడు విభాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. మొదటి విభాగం చాలావరకు సుదీర్ఘ పాఠ్యభాగాల మీద నడుస్తుంది. తెలుగు విద్యార్థులు క్యాట్‌లో ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే.

జీఆర్‌ఈ 1930ల చివర అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాల ప్రయోగంగా మొదలై, తర్వాత ఈటీఎస్ అనే సంస్థ చేతికి వచ్చింది. 2011 ఆగస్టు దాకా దీనిలో వ్యతిరేక పదాలు, పద సామ్యాలు విడి ప్రశ్నలుగా ఉండేవి. హైదరాబాద్, తిరుపతి హాస్టళ్లలో వేల పదాల జాబితాలను బట్టీ పట్టే సంప్రదాయం అప్పటిది. 2011లో ఆ ప్రశ్నలు తీసేసి, వాక్యాల్లో ఖాళీలు పూరించడం, ఒకే అర్థం వచ్చే రెండు పదాలు ఎంచడం, పేరాలు చదవడం పెట్టారు. పాత జాబితాలు మాత్రం చేతులు మారుతూనే ఉన్నాయి. 2023 సెప్టెంబరు 22 నుంచి పరీక్ష 1 గంట 58 నిమిషాలకు కుదిరింది. 30 నిమిషాల వ్యాసం ఒకటి, వెర్బల్ 27 ప్రశ్నలకు 41 నిమిషాలు, క్వాంట్ 27 ప్రశ్నలకు 47 నిమిషాలు. వెర్బల్, క్వాంట్‌లలో ఒక్కోదానికి స్కోరు 130 నుంచి 170. మొదటి సెక్షన్‌లో చేసినదాన్ని బట్టి రెండో సెక్షన్ కఠినంగానో సులువుగానో వస్తుంది. అందుకని ఆరంభంలో తడబడితే తేరుకోవడం కష్టం. జీమ్యాట్ కూడా 2023 చివర మారింది. వాక్య దోషాలు దిద్దే ప్రశ్నలు పోయాయి, చదివి తర్కించే ప్రశ్నలు మిగిలాయి. రెండు పరీక్షలూ వ్యాకరణం, పదజాలం అనే విడి అంగాల నుంచి చదువరితనం వైపు జరిగాయి. తయారయ్యేవారు గుర్తించాల్సిన ముఖ్యమైన మార్పు ఇదే.

2020 తర్వాత చాలా అమెరికన్ విశ్వవిద్యాలయాలు జీఆర్‌ఈని ఐచ్ఛికం చేశాయి. దాంతో భాషా పరీక్షల బరువు పెరిగింది. ఐఈఎల్‌టీఎస్‌లో వినడం సుమారు 30 నిమిషాలు, చదవడం 60 నిమిషాలు, రాయడం 60 నిమిషాలు, ఎగ్జామినర్ ఎదుట మాట్లాడడం 11 నుంచి 14 నిమిషాలు; స్కోరు 9 బ్యాండ్ల మీద. టోఫెల్ 1964 నుంచి ఉంది. 120 మార్కుల పాత కొలతకు బదులు 2026 జనవరి నుంచి 1–6 కొలత వచ్చింది.

తెలుగు వాక్యం, ఇంగ్లీషు వాక్యం

తెలుగువారికి ఇంగ్లీషు చదవడంలో ఎదురయ్యే అసలు కష్టం పదాల్లో కన్నా వాక్య నిర్మాణంలో ఉంది. తెలుగులో విశేషణాలన్నీ నామానికి ముందే వస్తాయి. ‘నిన్న తెల్లవారుజామున కలకడ నుంచి మదనపల్లె మార్కెట్‌కు వచ్చిన టమాటా లారీ’ అన్నప్పుడు వివరాలన్నీ విన్నాక లారీ కనిపిస్తుంది. ఇంగ్లీషులో లారీ ముందు వస్తుంది. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎప్పుడు అన్నవి వెనక చేరతాయి. అసలు క్రియ ఆ వివరాలన్నీ దాటాక గానీ రాదు. తెలుగులో క్రియ వాక్యం చివర ఉంటుందని అలవాటుపడ్డ కన్ను, ఇంగ్లీషు వాక్యం మధ్యలో దాక్కున్న క్రియను దాటేసి ముందుకు పోతుంది. జీఆర్‌ఈ పాఠ్యభాగాల్లో కర్తకూ క్రియకూ మధ్య పదిహేను ఇరవై మాటలు ఉండడం మామూలే.

దీనికి మంచి సాధన, పెద్ద వాక్యం కనిపించినప్పుడల్లా మొదట క్రియను, తర్వాత దాని కర్తను గుర్తుపెట్టి, మధ్యలోని ఉపవాక్యాన్ని పెన్సిల్‌తో వేరుచేయడం. తొలి రోజుల్లో రోజుకు ఐదారు వాక్యాలు చాలు. వాక్యం చీలిన తీరు కంటికి పట్టాక పెన్సిల్ అవసరం ఉండదు. అప్పటి నుంచి మనసులో తెలుగులోకి మార్చుకుంటూ చదివే అలవాటును కూడా క్రమంగా వదలాలి. మొదట్లో అది ఊతం, తర్వాత వేగానికి అడ్డు.

పదాల విషయంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. తెలుగులో రోజూ వాడే ఇంగ్లీషు మాటలకు తెలుగు వాడుకలో ఒకే అర్థం నిలిచింది. పరీక్ష అడిగేది వేరే అర్థం. ‘ఫార్ ఫ్రమ్ సెటిలింగ్ ద డిస్ప్యూట్, ద కమిటీస్ రిపోర్ట్ ఓన్లీ …… ఇట్’ అనే ఖాళీని తీసుకోవచ్చు. కమిటీ నివేదిక తగవు తీర్చడం అటుంచి దాన్ని ఇంకేదో చేసిందన్న సూచన ‘ఫార్ ఫ్రమ్’ అన్న రెండు మాటల్లో ఉంది. ఇచ్చిన పదాల్లో ‘కాంపౌండెడ్’ ఉంటే అదే జవాబు: మరింత ముదిరేలా చేసింది అని. కాంపౌండ్ అంటే ప్రహరీ గోడ అని మాత్రమే తెలిసిన విద్యార్థి ఆ పదాన్ని మొదటే కొట్టేస్తాడు. డిస్కౌంట్ అంటే ధర తగ్గింపే కాదు, లెక్కలోకి తీసుకోకపోవడం కూడా. కరెన్సీ అంటే డబ్బుతో పాటు ఒక అభిప్రాయం జనంలో చలామణిలో ఉండడం. చెక్ అంటే బ్యాంకు కాగితంతో పాటు అదుపు. అరెస్ట్ అంటే ఆపడం. క్వాలిఫై అంటే అన్న మాటకు పరిమితి విధించడం. శాంక్షన్ అంటే లోను మంజూరు ఎలాగో, దేశం మీద ఆంక్ష కూడా అలాగే. ఇలాంటి పదాల పట్టిక ఒకటి సొంతంగా తయారుచేసుకోవడం అరుదైన పదాలు వెయ్యి బట్టీ పట్టడం కన్నా మేలు. ఎందుకంటే తెలియని పదం దగ్గర విద్యార్థి జాగ్రత్త పడతాడు. తెలుసుననుకున్న పదం దగ్గర పడడు.

లెక్కల్లోనూ భాష అడ్డొస్తుంది. తెలుగు మీడియంలో కారణాంకం, గుణిజం, మధ్యగతం, ప్రామాణిక విచలనం అని నేర్చుకున్నవి ఫ్యాక్టర్, మల్టిపుల్, మీడియన్, స్టాండర్డ్ డీవియేషన్ అయి ఎదురవుతాయి. వీటిని రెండు రోజుల్లో సరిచూసుకోవచ్చు. ‘ఎట్ లీస్ట్’, ‘నో మోర్ దాన్’, ‘డిస్టింక్ట్’, ‘రెస్పెక్టివ్లీ’ వంటి మాటల దగ్గర జారే మార్కులు మాత్రం ఎక్కువ. లక్షలు, కోట్లకు అలవాటైనవారు మిలియన్, బిలియన్ లెక్కలు కూడా చేతికి వచ్చేలా సాధన చేయాలి: మిలియన్ అంటే 10 లక్షలు, బిలియన్ అంటే 100 కోట్లు.

పదాలు నిలిచే తీరు, చదువు అలవాటు

ఎన్ని పదాలు రావాలన్న ప్రశ్నకు పరిశోధకులు కొంత స్పష్టమైన జవాబే ఇచ్చారు. పాల్ నేషన్ 2006లో వేసిన అంచనా ప్రకారం, ఎవరి సాయమూ లేకుండా ఇంగ్లీషు పుస్తకాలు, పత్రికలు చదవాలంటే 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు తెలియాలి. ఒక మూల పదమూ దాని నుంచి పుట్టిన రూపాలూ కలిపి ఒక కుటుంబం. ఆవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రకటించిన అకడమిక్ పదపట్టికలో ఉన్నవి 570 కుటుంబాలే. పాఠ్యగ్రంథాల్లోని మాటల్లో సుమారు పదో వంతు వాటివే. డిగ్రీ మొదటి ఏడాదిలోనే ఈ 570తో మొదలుపెట్టడం తెలివైన పని. ఆ పట్టిక ఉచితంగా దొరుకుతుంది.

చూసిన పదం మళ్లీ కనబడకపోతే పోతుంది. మరపు ఎంత త్వరగా వస్తుందో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎబింగ్‌హౌస్ 1885లోనే కొలిచి చూపాడు. కాబట్టి కొత్త పదాన్ని మర్నాడు, మూడు రోజులకు, వారానికి, నెలకు తిరిగి పలకరించాలి. అట్టముక్కల మీద ఒక వైపు పదం ఉన్న వాక్యం, రెండో వైపు అర్థం రాసుకుని, వచ్చినవి ఒక కట్టగా, రానివి ఒక కట్టగా పెట్టుకోవడం చవకైన పద్ధతి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ‘యాంకీ’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇదే పని చేస్తుంది. పదాన్ని విడిగా కాక వాక్యంతో రాసుకోవడం తప్పనిసరి.

ఇవన్నీ చదివే అలవాటుకు అనుబంధాలే. రోజూ అరగంట ఇంగ్లీషు చదువు, అదీ కనీసం ఏడాది పాటు, ఏ కోచింగ్ సెంటరూ రెండు నెలల్లో ఇవ్వలేని ఫలితం ఇస్తుంది. దినపత్రిక సంపాదకీయం మంచిదే, కానీ చాలదు. పరీక్షలో వచ్చే పేరాలు జీవశాస్త్రం, చరిత్ర, కళావిమర్శ, అర్థశాస్త్రం నుంచి తీసినవి. పదకొండు, పన్నెండు తరగతుల ఎన్‌సీఈఆర్‌టీ ఇంగ్లీషు మీడియం పుస్తకాలు ఈ అవసరానికి సరిపోతాయి. నెట్‌లో ఉచితంగా ఉంటాయి. సైన్సు విద్యార్థి చరిత్ర పుస్తకాన్ని, ఆర్ట్స్ విద్యార్థి జీవశాస్త్రాన్ని ఎంచుకుంటే మంచిది. చదివిన ప్రతి పేరా పక్కన, రచయిత ఏమంటున్నాడు, ఎందుకు అంటున్నాడు అన్నది ఒక వాక్యంలో రాయాలి. ఆ వాక్యం మొదట్లో తెలుగులో రాసినా తప్పు లేదు. మాటలాడే భాషకూ చదువు భాషకూ తేడాను 1979లో వివరించిన జిమ్ కమిన్స్, ఒక భాషలో సంపాదించిన చదువరితనం రెండో భాషకు చేరుతుందని వాదించాడు. తెలుగులో ఒక వ్యాసం చదివి అందులోని వాదాన్ని పట్టుకోగలిగిన విద్యార్థికి ఇంగ్లీషులో మిగిలేది భాష పని మాత్రమే. తెలుగు చదువును పక్కన పెట్టి ఇంగ్లీషు మెరుగుపరచుకోవాలన్న సలహా అందుకే సరైనది కాదు.

రాయడం, వినడం, మాట్లాడడం

వ్యాసంలో తెలుగువారి తప్పులు కొన్ని చోట్లే గుమిగూడతాయి. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి ‘ఎ’, ‘ద’ జారిపోతాయి లేదా అనవసరంగా చేరతాయి. ‘వస్తాను’ అన్న ఒక్క రూపం అలవాటునూ భవిష్యత్తునూ చెబుతుంది కాబట్టి ఇంగ్లీషు కాలాలు కలిసిపోతాయి. ‘వెళ్లి, చూసి, అడిగి, తెచ్చి’ అంటూ సాగే తెలుగు వాక్యాన్ని అలాగే ఇంగ్లీషులో పెడితే ‘అండ్’లు పేరుకుపోతాయి. వాక్యానికి ఒకే విషయం చెప్పుకుంటూ పోతే ఈ మూడూ చాలావరకు తగ్గుతాయి. జీఆర్‌ఈ వ్యాసానికి 0 నుంచి 6 వరకు మార్కులు. అలంకారాలకు కాదు, ఒక వైఖరి తీసుకుని, కారణాలు చూపి, ఎదుటి వాదానికి జవాబు చెప్పినందుకు మార్కులు పడతాయి.

మాట్లాడేటప్పుడు యాస సమస్య కాదు. అర్థం కాకపోతేనే సమస్య. తెలుగు పదాలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ‘బస్సు’, ‘టెస్టు’ అన్నట్టు చివర ఉకారం చేరుతుంది. ‘ఓన్లీ’ ‘వోన్లీ’ అవుతుంది. తెలుగులో పదంలో ఒక అక్షరాన్ని ఊని పలకడం వల్ల అర్థం మారదు; ఇంగ్లీషులో ఊనిక తప్పితే విన్నవారు తడబడతారు. పదాన్ని నేర్చేటప్పుడే నిఘంటువులో ఊనిక ఎక్కడుందో చూసుకోవాలి. వినడానికి ఐఐటీల అధ్యాపకులు 2003 నుంచి ఎన్‌పీటెల్ కింద తయారుచేసిన ఉచిత పాఠాలు పనికొస్తాయి: మొదట రాతప్రతి లేకుండా పది నిమిషాలు విని నోట్సు రాసుకుని, తర్వాత రాతప్రతితో సరిచూసుకోవచ్చు. విదేశీ ఉచ్చారణకు విదేశీ విశ్వవిద్యాలయాల ఉపన్యాసాలు వినాలి. మాట్లాడడానికి మనిషి కావాలి. స్నేహితులిద్దరు రోజూ పది నిమిషాలు ఒక అంశం మీద మాట్లాడుకుని, ఫోన్‌లో రికార్డు చేసి వింటే లోపాలు తామే పట్టుకుంటారు.

నమూనా పరీక్షలు, దరఖాస్తు

ఈటీఎస్ ‘పవర్‌ప్రెప్’ పేరుతో రెండు పూర్తి జీఆర్‌ఈ నమూనా పరీక్షలు ఉచితంగా ఇస్తుంది. వాటిలో ఒకటి తయారీ మొదట్లో, రెండోది పరీక్షకు రెండు మూడు వారాల ముందు రాయడం మంచిది. ఐసెట్‌కు పాత ప్రశ్నపత్రాలే ఉత్తమమైన మెటీరియల్. ప్రతి నమూనా పరీక్ష తర్వాత తప్పిన జవాబు పక్కన కారణం రాయాలి: విషయం తెలియకా, వాక్యం అర్థం కాకా, సమయం చాలకా? రెండో కారణం ఎక్కువగా కనిపిస్తే మరిన్ని లెక్కలు చేయడం వల్ల లాభం లేదు; చదువు పెంచాలి.

విదేశీ పరీక్షల దరఖాస్తులో తెలుగువారు ముందుగా చూసుకోవాల్సింది పేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు ఉంటుంది. కొందరికి ఒక్క అక్షరంగానే ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు, పేరుకు వేర్వేరు గడులు. పేరంతా ఇంటిపేరు గడిలోనే చేరి, పేరు గడి ఖాళీగా మిగిలితే అమెరికా వీసాలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని, అంటే మొదటి పేరు తెలియదని, పడుతుంది. పరీక్షకు నమోదు చేసుకునే పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. లేకపోతే కేంద్రంలోకి రానివ్వరు, కట్టిన ఫీజు తిరిగి రాదు. జీఆర్‌ఈ ఫీజు 20 వేల రూపాయలు దాటిన ఈ రోజుల్లో రైతు కుటుంబానికి అది చిన్న నష్టం కాదు. డిగ్రీ రెండో ఏడాదిలోనే పాస్‌పోర్టు తీసుకుని పేరు సరిచేసుకుంటే చివర్లో హడావుడి ఉండదు.

జీఆర్‌ఈని 21 రోజుల వ్యవధి ఇచ్చి మళ్లీ రాయవచ్చు. 12 నెలల్లో గరిష్ఠంగా ఐదు సార్లు. విశ్వవిద్యాలయానికి ఏ స్కోరు పంపాలో అభ్యర్థే ఎంచుకోవచ్చు. ఆ స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ స్కోర్లు రెండేళ్లే చెల్లుతాయి కాబట్టి, జీఆర్‌ఈతో పాటు భాషా పరీక్ష కూడా రాయాల్సినవారు జీఆర్‌ఈని డిగ్రీ మూడో ఏడాది సెలవుల్లో, భాషా పరీక్షను దరఖాస్తులు పంపే ఏడాదిలో పెట్టుకుంటారు.